నిగ్రహమూర్తి సావిత్రిబాయి ఫూలే

ఉద్దేశం

కోపంతో కేకలు వేసే మనిషి ఎదురైనప్పుడు ఎలా మెలగాలన్న ప్రశ్న ప్రతివారి జీవితంలోను ఎప్పుడో ఒకప్పుడు తలెత్తుతుంది. ఆ క్షణంలో చూపే వివేకం మీద మన క్షేమమే కాక, మనం చేపట్టిన పని భవిష్యత్తు కూడ ఆధారపడి ఉంటుంది. జీవితమంతా దూషణలను, బెదిరింపులను ఎదుర్కొన్నా నిగ్రహం కోల్పోక, చేపట్టిన కార్యాన్ని విడిచిపెట్టక నిలిచిన సావిత్రిబాయి ఫూలే జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

ఎదుటివాడు గొంతెత్తి అరచినప్పుడు సామాన్యంగా మనసుకు రెండు మార్గాలే తోస్తాయి. అంతకంటె పెద్ద గొంతుతో తిరిగి అరవడం ఒకటి. భయపడి చేస్తున్న పనిని మానుకోవడం మరొకటి. మొదటిది కలహాన్ని పెంచుతుంది. రెండవది అన్యాయానికి బలాన్నిస్తుంది. ఈ రెండూ కాని మార్గం ఇంకొకటి ఉన్నది. మనసును అదుపులో ఉంచుకొని, ఎదుటివాని కోపం ఎలాంటిదో గుర్తించి, తనకు గాని ఇతరులకు గాని హాని కలుగకుండ చూసుకొంటూ, పట్టిన పనిని సాగించడమే ఆ మార్గం. పందొమ్మిదవ శతాబ్దంలో పుణె నగర వీధులలో ఆ మార్గాన నడచిన మహిళ సావిత్రిబాయి ఫూలే.

సావిత్రిబాయి 1831 జనవరి 3వ తేదీన మహారాష్ట్రలోని సతారా జిల్లా నాయ్‌గావ్ గ్రామంలో జన్మించింది. తండ్రి ఖండోజీ నేవసే పాటిల్, తల్లి లక్ష్మీబాయి. ఆ కాలపు ఆచారం ప్రకారం 1840లో, తొమ్మిదేళ్ల వయసులో, పుణెకు చెందిన జ్యోతిరావు ఫూలేతో ఆమెకు వివాహం జరిగింది. అప్పటికి వరుని వయసు పదమూడేళ్లు. ఫూలే వంశీయులు తోటమాలి కులానికి చెందినవారు. పూల వ్యాపారం చేయడం వలన ఆ ఇంటికి ఆ పేరు వచ్చింది.

అత్తవారింట అడుగుపెట్టేనాటికి సావిత్రిబాయికి చదువు రాదు. ఆనాటి సమాజంలో స్త్రీలకు, శూద్రులకు, అంటరానివారుగా ముద్రపడిన కులాలకు విద్య అందని ఫలం. ఆడపిల్ల అక్షరాలు నేర్చుకొంటే భర్త అకాలమరణం పాలవుతాడన్న మూఢవిశ్వాసం ప్రజలలో ప్రబలి ఉండేది. అటువంటి రోజులలో జ్యోతిరావు తానే గురువై భార్యకు చదువు నేర్పాడు. అటు తరువాత ఆమె అహ్మద్‌నగర్‌లోను, పుణెలోను క్రైస్తవ మిషనరీ మహిళలు నడిపే సంస్థలలో ఉపాధ్యాయ శిక్షణ పొందింది.

1848లో ఫూలే దంపతులు పుణెలోని బుధవార్ పేటలో, భిడే అనే గృహస్థుని భవనంలో బాలికలకు పాఠశాల ప్రారంభించారు. ఆ సంవత్సరం సావిత్రిబాయికి పదిహేడేళ్లు. అంటే ఈనాడు ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థిని వయసు. మొదట చేరిన బాలికల సంఖ్య పదికి మించలేదు. అయినా పుణె నగరంలో ఆ పాఠశాల గొప్ప అలజడి రేపింది. శతాబ్దాల కట్టుబాటును ఒక తోటమాలి ఇంటి కోడలు అతిక్రమించిందన్న ఆగ్రహం ఛాందసుల హృదయాలలో రగిలింది.

ఆ ఆగ్రహం మొట్టమొదట వీధిలో ఆమెను ఎదుర్కొన్నది. ఉదయం ఆమె ఇంటినుండి పాఠశాలకు బయలుదేరేసరికి దారి పొడవునా కొందరు కాచుకొని ఉండేవారు. కొందరు పెద్దగా తిట్టేవారు. కొందరు అసభ్యంగా మాట్లాడేవారు. మరికొందరు పేడ, బురద, రాళ్లు విసిరేవారు. ఇది ఒకనాటితో ముగిసిన ఉపద్రవం కాదు. బడి ఉన్న ప్రతి దినమూ పోయేటప్పుడు, తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు ఇదే అనుభవం.

ఆ సమయంలో సావిత్రిబాయి ప్రవర్తించిన తీరు గమనింపదగినది. ఆమె నిలబడి వారితో వాదానికి దిగలేదు. తిట్టుకు తిట్టు బదులివ్వలేదు. అట్లని ఇల్లు కదలకుండ కూర్చోలేదు. ఆమె రెండు చీరలు సిద్ధం చేసుకొనేదని నాటి సహచరుల జ్ఞాపకాల వలన తెలుస్తున్నది. దారిలో కట్టుకొనే ముతక చీర ఒకటి. బడిలో మార్చుకొనే శుభ్రమైన చీర మరొకటి. వీధిలో మలినమైన చీరను పాఠశాలకు చేరగానే విడిచి, శుభ్రమైన చీర ధరించి, ప్రసన్నవదనంతో పిల్లల ముందు నిలిచేది. తాను చేస్తున్నది పవిత్రకార్యం గనుక తనపై పడే పేడముద్దలు, రాళ్లు తనకు పూలతో సమానమని ఆమె భావించేదని, తిట్టినవారికి సైతం మేలు కలగాలని కోరుకొనేదని చెబుతారు.

ఇందులో సహనంతోబాటు లోతైన ఆలోచన కూడ ఉన్నది. వీధిలో గుంపుగా నిలబడి అరచేవారికి కావలసినది సమాధానం కాదు, కలహం. ఒక్క మాట బదులు చెప్పినా అది తగాదాగా మారుతుంది. తగాదా జరిగే చోటికి ఏ తల్లిదండ్రులు తమ ఆడపిల్లను పంపుతారు? అప్పుడు మూతపడేది ఆ పాఠశాలే. గెలుపు అరుపులో లేదని, బడి తలుపు ప్రతిదినం తెరచుకోవడంలో ఉన్నదని ఆ పదిహేడేళ్ల యువతి గ్రహించింది. గుంపుతో మాట్లాడకుండ ముందుకు సాగడం ఆమె పాటించిన మొదటి నియమం.

అయితే ఆమె తన రక్షణను విస్మరించలేదు. జరుగుతున్నదానిని భర్తకు దాచకుండ చెప్పింది. ఆమెకు తోడుగా పాఠశాలకు వెళ్లి రావడానికి ఒక మనిషిని నియమించారు. హింసను ఒంటరిగా, రహస్యంగా భరించడమే గొప్పతనమని ఆమె ఎన్నడూ భావించలేదు. అయినవారికి చెప్పి, తగిన తోడు తీసుకొనడం పిరికితనం కాదు, వివేకం.

సహనానికి ఒక హద్దు ఉన్నదని తెలిపే సంఘటన కూడ ఆమె జీవితగాథలో వినిపిస్తుంది. ఒకనాడు ఒక బలిష్ఠుడు ఆమె దారికి అడ్డంగా నిలిచి, పాఠాలు చెప్పడం మానకపోతే గౌరవం దక్కదని బెదిరించాడట. అప్పుడు ముందుకు పోవడానికి దారి లేదు. మాటలు దాటి దేహానికే అపాయం ఏర్పడే పరిస్థితి. ఆమె వెనుకాడక అతని చెంపమీద కొట్టిందని, దిగ్భ్రాంతి చెందిన ఆ వ్యక్తి అక్కడినుండి తొలగిపోయాడని, ఆ వార్త ఊరంతా వ్యాపించి వేధింపులు చాలవరకు తగ్గాయని చెప్పుకొంటారు. అరచినవారినందరిని ఆమె కొట్టలేదు. పక్కకు తప్పుకొనే అవకాశం ఉన్నంతవరకు మౌనంగా నడిచింది. దారి మూసి మీదికి వచ్చినవానిని మాత్రమే ప్రతిఘటించింది. ఆత్మరక్షణకు, పగకు ఉన్న భేదం ఇదే.

వీధిలోని ఆగ్రహం క్రమంగా ఇంటిలోకి కూడ ప్రవేశించింది. ఛాందసుల ఒత్తిడికి, కులబహిష్కార భయానికి జ్యోతిరావు తండ్రి గోవిందరావు లొంగిపోయాడు. పాఠశాల మానుకొనండి, లేదా ఇల్లు విడిచిపొండి అని కొడుకు, కోడళ్లను శాసించాడు. 1849లో ఆ దంపతులు ఇల్లు విడిచారు. పెద్దాయనతో వారు కయ్యానికి దిగలేదు. ఆయన మాటకు కట్టుబడి పాఠశాలనూ మూయలేదు. అప్పుడు వారికి ఆశ్రయమిచ్చినవాడు జ్యోతిరావు మిత్రుడు ఉస్మాన్ షేక్. ఆ కుటుంబానికి చెందిన ఫాతిమా షేక్ సావిత్రిబాయికి సహోపాధ్యాయినిగా నిలిచింది. ఎటువంటి కష్టకాలంలోనైనా తోడు నిలిచేవారు ఉంటారు. వారిని గుర్తించి చేయి అందుకోవడం తెలియాలి.

వారి కృషి వృథా కాలేదు. 1851 చివరినాటికి పుణెలో మూడు బాలికా పాఠశాలలు ఏర్పడ్డాయి. వాటిలో సుమారు నూటయాభైమంది బాలికలు చదువుకొన్నారు. 1852 నవంబరులో ప్రభుత్వం విద్యాసేవకు గుర్తింపుగా జ్యోతిరావును సత్కరించింది. 1854లో సావిత్రిబాయి కవితల సంపుటి కావ్య ఫూలే వెలువడింది. వీధిలో వినవచ్చిన దూషణలకు ఆమె కలం, బడి సమాధానాలయ్యాయి.

ఆమె భర్తకు వ్రాసిన మూడు లేఖలు మనకు లభిస్తున్నాయి. అవి 1856, 1868, 1877 సంవత్సరాలకు చెందినవి. ఆగ్రహించిన మనుషుల మధ్య ఆమె ఎలా వ్యవహరించిందో తెలుసుకోవడానికి ఇవి విలువైన ఆధారాలు.

మొదటి లేఖ 1856 అక్టోబరులో వ్రాసినది. ఆమె తీవ్రంగా జబ్బుపడి పుట్టింట విశ్రాంతి తీసుకొంటున్న సమయం అది. సోదరుడు ఆమెకు ఎంతో శ్రద్ధతో సేవచేశాడు. కాని ఒకనాడు మాటల సందర్భంలో ఆమెను, జ్యోతిరావును తప్పుపట్టాడు. మహర్, మాంగ్ కులాలవారికి చదువు చెప్పడం పాపమని, కులం వారు వెలివేయడం న్యాయమేనని, పెద్దల ఆచారం పాటించడం మంచిదని మందలించాడు. ఆ మాటలకు తల్లి ఎంతో బాధపడింది.

వీధిలో మౌనం వహించిన సావిత్రిబాయి ఇక్కడ మౌనం వహించలేదు. ఎందుకంటే ఇక్కడ మాట్లాడుతున్నది శత్రువు కాదు, తోబుట్టువు. అతని కోపం వెనుక ద్వేషం లేదు. అజ్ఞానం, లోకనింద పట్ల భయం ఉన్నాయి. ఆమె అతనికి ఓర్పుతో వివరించింది. ఆవును, మేకను ఆప్యాయంగా నిమిరే చేతులు, నాగులపంచమికి పాములకు పాలుపోసే చేతులు సాటిమనిషిని తాకడానికి ఎందుకు వెనుకాడాలని ప్రశ్నించింది. మడిలో ఉన్నవారు తమ కుటుంబాన్ని కూడ దూరంగా ఉంచుతారన్న వాస్తవాన్ని గుర్తుచేసింది. చదువు లేకపోవడమే మనిషిని పశుప్రాయుణ్ని చేస్తుందని, విద్యను అందరికి పంచడమే తమ కర్తవ్యమని తెలియజెప్పింది. సోదరుని మనసు కరగింది. తల్లి కళ్లు చెమర్చాయి. సోదరుడు మంచివాడే గాని సంకుచిత భావాలవాడని ఆమె ఆ లేఖలో వ్రాసుకొన్నది. మనిషిని, అతని పొరపాటును వేరువేరుగా చూడగల ఆ దృష్టే ఆమె వాదానికి మృదుత్వాన్ని ఇచ్చింది. ఆ లేఖలోనే ఆమె, తాను లేనందున ఫాతిమాకు పాఠశాల పని భారమవుతుందేమోనని చింతించింది.

సమాజం తరిమివేసినవారికి నీడనివ్వడం కూడ ఈ దంపతులు బాధ్యతగా స్వీకరించారు. వంచనకు గురై గర్భవతులైన వితంతువులు లోకనిందకు వెరచి ఆత్మహత్యకో, శిశుహత్యకో పాల్పడే రోజులవి. 1863లో వారు అటువంటి స్త్రీల ప్రసవానికి, శిశువుల సంరక్షణకు తమ ఇంటనే ఆశ్రయం ఏర్పాటు చేశారు. అక్కడ జన్మించిన యశ్వంత్ అనే బాలుణ్ని దత్తపుత్రునిగా పెంచుకొన్నారు.

రెండవ లేఖ 1868 ఆగస్టులో నాయ్‌గావ్ నుండి వ్రాసినది. ఊరూరా తిరిగి పంచాంగం చెప్పి జీవించే గణేశ్ అనే బ్రాహ్మణ యువకుడు, శార్జా అనే మహర్ యువతి పరస్పరం ప్రేమించుకొన్నారు. ఆమె ఆరునెలల గర్భవతి. విషయం బయటపడగానే గ్రామస్థులు మండిపడ్డారు. ఇద్దరినీ పట్టుకొని, కొడుతూ ఊరేగించి, చంపడానికి సిద్ధమయ్యారు. వార్త తెలిసిన వెంటనే సావిత్రిబాయి అక్కడికి పరుగెత్తింది.

క్రోధంతో ఊగిపోతున్న ఆ గుంపుకు మానవత్వం గురించి ఎంత చెప్పినా వినేస్థితి లేదు. సోదరునితో జరిపినట్టి సుదీర్ఘ సంభాషణకు సమయమూ లేదు. రెండు నిండు ప్రాణాలు, ఇంకా లోకం చూడని మరొక ప్రాణం ప్రమాదంలో ఉన్నాయి. ఆమె చట్టాన్ని గుర్తుచేసింది. ఆ ఇద్దరిని చంపితే బ్రిటిష్ ప్రభుత్వ శాసనం ప్రకారం తీవ్రమైన పరిణామాలు తప్పవని హెచ్చరించింది. ఆ మాటతో గుంపు వెనక్కు తగ్గింది. ఆ జంట ఊరు విడిచిపోవాలని గ్రామస్థులు పట్టుబట్టారు. వారిద్దరు అందుకు అంగీకరించారు. బ్రతికి బయటపడిన ఆ దంపతులు కన్నీటితో సావిత్రిబాయి పాదాలకు నమస్కరించారు. ఆమె వారిని జ్యోతిరావు వద్దకు పంపింది.

ఊరు విడిచిపోవాలన్న షరతు న్యాయమైనది కాదు. కాని ఆ క్షణంలో న్యాయనిర్ణయం కంటె ప్రాణరక్షణ ముఖ్యం. ఆవేశంతో ఉన్న గుంపు ముందు వాదంలో నెగ్గడం కంటె, ఆపదలో ఉన్నవారిని సురక్షిత స్థానానికి చేర్చడం ప్రధానమని ఆమె గుర్తించింది.

1873లో జ్యోతిరావు సత్యశోధక సమాజాన్ని స్థాపించాడు. 1876లో మొదలైన ఘోరమైన కరువుకాలంలో ఆ సమాజ సభ్యులు గ్రామాలలో అన్నార్తులను ఆదుకొన్నారు. మూడవ లేఖ ఈ కాలానిది. 1877 ఏప్రిల్‌లో ఆమె జున్నర్ ప్రాంతంలోని ఓతూర్ గ్రామంలో ఉన్నది. వడ్డీవ్యాపారులకు, రైతులకు మధ్య ఘర్షణలు చెలరేగి, పోలీసులు యాభైమంది సత్యశోధకులను నిర్బంధించారు. కలెక్టరు ఆమెను విచారణకు పిలిపించాడు. ఆమె బెదరలేదు, ఆవేశపడలేదు. తమవారిపై మోపింది అసత్యారోపణ అని, వారిని విడుదల చేయాలని నిదానంగా, స్పష్టంగా చెప్పింది. కలెక్టరు నిష్పక్షపాతి. విషయం గ్రహించి నిర్బంధితులను విడిపించడమే కాక, క్షుద్బాధితుల కోసం నాలుగు బండ్ల జొన్నలు పంపించాడు. అధికారం గలవారి ఎదుట దైన్యమూ పనికిరాదు, దురుసుతనమూ పనికిరాదు. నిజాన్ని నిదానంగా చెప్పడమే మేలు.

1890 నవంబరు 28న జ్యోతిరావు మరణించాడు. ఆ దుఃఖసమయంలో కూడ కలహం ఆమెను వదలలేదు. అంత్యక్రియలలో నిప్పుకుండ పట్టుకొని ముందు నడిచే హక్కు దత్తపుత్రునికి లేదని బంధువు ఒకరు అభ్యంతరం చెప్పారు. పార్థివదేహం ఎదుట వాదప్రతివాదాలకు అవకాశమివ్వక సావిత్రిబాయి తానే ముందుకు వచ్చి ఆ కుండను అందుకొన్నది. శవయాత్రకు అగ్రభాగాన నడచింది. స్త్రీలు శ్మశానానికే వెళ్లని ఆ కాలంలో తన భర్త చితికి తానే నిప్పంటించింది. అంతటితో వివాదం సమసిపోయింది.

భర్త అనంతరం సత్యశోధక సమాజ బాధ్యతలను ఆమె నిర్వహించింది. 1893లో సాస్వడ్‌లో జరిగిన సమాజ మహాసభకు అధ్యక్షత వహించింది. 1897లో పుణె ప్రాంతాన్ని ప్లేగు మహమ్మారి చుట్టుముట్టింది. వైద్యుడైన యశ్వంత్ హడప్సర్ సమీపంలో రోగులకు చికిత్సా కేంద్రం నెలకొల్పాడు. ఆమె అక్కడ స్వయంగా సేవచేసింది. ముంఢ్వాలో అంటరానివాడుగా ఎంచబడిన ఒక బాలునికి ప్లేగు సోకిందని తెలిసి, అతణ్ని వీపుమీద మోసుకొని చికిత్సా కేంద్రానికి చేర్చింది. ఆ వ్యాధి ఆమెకూ సోకింది. 1897 మార్చి 10వ తేదీన ఆ మహనీయురాలు కన్నుమూసింది.

కాలం ఆమెకు న్యాయం చేసింది. 2014లో పుణె విశ్వవిద్యాలయానికి సావిత్రిబాయి ఫూలే పేరు పెట్టారు. ఏ నగర వీధులలో ఆమెపై బురద చల్లారో, ఆ నగరంలోనే వేలాది యువతీయువకులు ఆమె పేరు ముద్రించిన పట్టాలు అందుకొంటున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2025లో ఆమె జన్మదినమైన జనవరి 3వ తేదీని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా ప్రకటించింది. నాడు ఆమెను దూషించినవారి పేర్లు ఎవరికీ గుర్తులేవు.

సావిత్రిబాయి అందరి కోపానికి ఒకే విధంగా స్పందించలేదు. వీధిలోని గుంపుకు దూరంగా నడిచింది. దారి కాసి మీదికి వచ్చినవానినుండి తనను తాను కాపాడుకొన్నది. మామగారి కోపానికి ఎదురు చెప్పక ఇల్లు వీడింది, పని వీడలేదు. తోబుట్టువుకు ఓర్పుతో నచ్చజెప్పింది. హత్యకు సిద్ధమైన సమూహానికి చట్టాన్ని చూపింది. అధికారికి సత్యాన్ని నివేదించింది. ఎదుటివాని కోపం మన చేతిలో లేదు. మన స్పందన మన చేతిలో ఉన్నది. అరుపు వినిపించిన క్షణంలో, ఇక్కడ అపాయం ఎంత, తొలగిపోయే దారి ఉన్నదా, తోడుగా ఎవరిని పిలవాలి, ఈ మనిషి ఇప్పుడు మాట వినే స్థితిలో ఉన్నాడా అని ఆలోచించగలిగినవాడు సగం ఆపదను దాటినట్లే. తాటాకు చప్పుళ్లకు బెదరక, అట్లని నిప్పులో నెయ్యి పోయక, అనుకొన్న గమ్యానికి చేరడం ఎట్లాగో సావిత్రిబాయి జీవితం మనకు నేర్పుతున్నది.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. సావిత్రిబాయి వేర్వేరు సందర్భాలలో ఎదుటివారి ఆగ్రహాన్ని ఎదుర్కొన్న తీరును వివరించండి.
2. సావిత్రిబాయి లేఖల ద్వారా వ్యక్తమయ్యే ఆమె వ్యక్తిత్వాన్ని విశ్లేషించండి.

సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు

1. సావిత్రిబాయి పాఠశాలకు వెళ్లే దారిలో మౌనం వహించడానికి కారణమేమిటి?
2. సోదరునితో ఆమె వాదించిన విధానాన్ని తెలపండి.
3. గణేశ్, శార్జాల ప్రాణాలను ఆమె ఎట్లా కాపాడింది?

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. ఫూలే దంపతులు బాలికల పాఠశాలను ఏ సంవత్సరంలో ప్రారంభించారు?
2. ఇల్లు విడిచిన ఫూలే దంపతులకు ఆశ్రయమిచ్చినవారు ఎవరు?
3. సావిత్రిబాయి కవితా సంపుటి పేరేమిటి?
4. ఏ వ్యాధి కారణంగా సావిత్రిబాయి మరణించింది?